"కోడే చట్టం" అన్న లెసిగ్‌ని ఇన్నేళ్ల తర్వాత చదవడం అవసరమా?

కోడ్‌కూలీ
మా చెల్లెలు లా చదువుతోంది. ఈసారి ఇంటర్నెట్ చట్టాల పేపరుంది. "నువ్వు సాఫ్ట్‌వేర్ వాడివి కదా, ఇది నాకు అర్థమయ్యేలా చెప్పు" అని లారెన్స్ లెసిగ్ అనే హార్వర్డ్ లా ప్రొఫెసర్ పుస్తకం నా మొహాన పడేసింది. రెండు వారాలుగా కుస్తీ పడుతున్నా. 1999 నాటిది. ఏఓఎల్ అనే అప్పటి అమెరికా నెట్ కంపెనీ అంటాడు, చాట్ గదులంటాడు. మొత్తం పిండితే తేలేది ఒక్కటే, "కోడే చట్టం". అంటే ప్రోగ్రామ్ ఏది చెయ్యనిస్తే అదే చెయ్యగలం, లేదంటే లేదు. ఇది చెప్పడానికి లా ప్రొఫెసర్ కావాలా? ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే మాకు తెలిసిపోయే సంగతి. కానీ ఎవరిని కదిపినా వేదవాక్కులా చెబుతారు. నాకే ఏదైనా అర్థం కావట్లేదా, లేక పేరు గొప్ప ఊరు దిబ్బా?

మూడోబెంచి
దిబ్బే. నేను చదవలేదు కానీ నా ఓటు నీకే.

నల్లకోటు
చదవకుండా ఓటేసేవాళ్లకి లోకంలో లోటు లేదు. కోడ్‌కూలీ, ఆ పుస్తకం ఎవరికి జవాబుగా పుట్టిందో తెలియకపోతే చప్పగానే ఉంటుంది. 1996లో షికాగో యూనివర్సిటీలో సైబర్ చట్టాల మీద సదస్సు పెట్టారు. ఫ్రాంక్ ఈస్టర్‌బ్రుక్ అని ఫెడరల్ అప్పీల్ కోర్టు జడ్జి, పెళ్లికి పిలిస్తే వచ్చి అసలు పెళ్లే దండగ అన్నట్టు, ఇలాంటి సబ్జెక్టే అక్కర్లేదన్నాడు. గుర్రాల అమ్మకం మీద కేసులుంటాయి, గుర్రం తన్నితే కేసులుంటాయి, పందేల లైసెన్సు మీద ఉంటాయి, గుర్రపు వైద్యుడి మీద ఉంటాయి. అవన్నీ ఒకచోట కుప్పపోసి "గుర్రాల చట్టం" అని పాఠం పెడితే పిల్లలకి ఏం వచ్చినట్టు? కాంట్రాక్టులు, ఆస్తి హక్కు, నష్టపరిహారం గట్టిగా నేర్పండి, గుర్రం సంగతి అదే తేలుతుంది అని ఆయన వాదన. లెసిగ్ అప్పట్లో షికాగోలోనే పాఠాలు చెప్పేవాడు. 1999లో హార్వర్డ్ లా రివ్యూలో జవాబు రాశాడు, శీర్షికలోనే గుర్రాన్ని పెట్టి మరీ. ఆ జవాబు ఏంటంటే, ఇక్కడ కొత్తగా నేర్చుకునేది ఒకటుంది, మనిషిని కట్టడి చేసేది చట్టం ఒక్కటే కాదు, దానికి తోడు ఇంకా మూ

నల్లకోటు
పోస్టుకి అక్షరాల పరిమితి ఉందట, మధ్యలో కోసేసింది. మిగతాది ఇంకోటి రాస్తా.

మూడోబెంచి
లాయరు నోరు మూయించిన మొదటి కోడ్. నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా, ఈ లెసిగ్‌లో ఏదో ఉంది.

గుడ్డిగుర్రం
నా హ్యాండిల్ వల్ల ఈ చర్చలోకి రాక తప్పట్లేదు. ఈస్టర్‌బ్రుక్ అన్నదాంట్లో తప్పేముంది? మోసం ఉత్తరంలో చేసినా మెయిల్లో చేసినా మోసమే. కొత్త టెక్నాలజీ వచ్చినప్పుడల్లా కొత్త ప్రొఫెసర్, కొత్త కోర్సు, కొత్త పుస్తకం. గుడ్డి గుర్రానికి పళ్లు తోమినట్టుంది.

నల్లకోటు
గుడ్డిగుర్రం, మోసం వరకూ మీరన్నది ఒప్పుకుంటా. తెగిపోయిన చోటినుంచి చెబుతా. లెసిగ్ మధ్యలో ఒక చుక్క పెడతాడు. ఆ చుక్క మనమే. దానికి నాలుగు వైపుల నుంచి నాలుగు బాణాలు: చట్టం, నలుగురి నోరు, ధర, కట్టుబడి (అంటే వస్తువుని కట్టిన తీరు). సిగరెట్ ఉదాహరణ ఆయనదే. ఫలానా చోట తాగితే జరిమానా అనేది చట్టం. వేరేవాళ్ల కారులో అడక్కుండా వెలిగిస్తే మొహం మాడ్చుకుంటారు, అది నలుగురి నోరు. పెట్టె ధర పెరిగితే తగ్గిస్తాం, అది మార్కెట్. ఇక సిగరెట్టే ఎలా తయారైందన్నది నాలుగోది, నికోటిన్ ఎక్కువుంటే మానడం కష్టం, పొగ ఘాటుగా ఉంటే పదిమందిలో తాగడం కష్టం. ఇంటర్నెట్‌లో ఆ నాలుగోదే కోడ్. మొదటి మూడింటికీ మనిషికి కాస్త సందు దొరుకుతుంది, జరిమానా కట్టి తాగొచ్చు, తిట్టించుకుని తాగొచ్చు. నాలుగోది అడగదు, వినదు, క్షమించదు. అసలు మాట ఇంకొకటుంది: ప్రభుత్వం మిమ్మల్ని నేరుగా పట్టుకోనక్కర్లేదు, కోడ్ రాసేవాడిని పట్టుకుంటే చాలు. గుర్రాల్లో ఈ సౌకర్యం లేదు.

పాతమోడెమ్
ఆ రోజుల్లో నెట్ వాడినవాణ్ణి కాబట్టి ఒక మాట. ఇప్పుడు ఇది మామూలు సంగతిలా అనిపిస్తుంది కానీ అప్పుడు అందరూ దీనికి తిరగేసి నమ్మేవాళ్లం. 1996 ఫిబ్రవరిలో జాన్ పెర్రీ బార్లో అనే నెట్ స్వేచ్ఛ ఉద్యమకారుడు దావోస్‌లో కూర్చుని సైబర్‌స్పేస్ స్వాతంత్ర్య ప్రకటన రాశాడు, ప్రభుత్వాల్లారా మీకిక్కడ పనిలేదు పొండి అని. నేను దాన్ని ప్రింటు తీసి గోడకి అంటించుకున్నా. అదే ఏడాది జాన్సన్, పోస్ట్ అనే ఇద్దరు న్యాయ నిపుణులు, నెట్‌కి సరిహద్దుల్లేవు కాబట్టి దేశాల చట్టాలు అతకవు అని పేద్ద వ్యాసం రాశారు. అలాంటి టైములో లెసిగ్ వచ్చి, బాబూ నెట్ సహజంగా స్వేచ్ఛగా ఏమీ లేదు, ఎవడో అలా కట్టాడు కాబట్టి అలా ఉంది, వ్యాపారం కోసం రేపు ఇంకోలా కడతారు, అప్పుడు మనుషులు చూసిన అన్ని చోట్లకన్నా గట్టిగా అదుపు చెయ్యగల చోటు ఇదే అవుతుంది అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ కాగితం ఎప్పుడు చింపానో గుర్తులేదు.

కోడ్‌కూలీ
@నల్లకోటు చుక్క బొమ్మ పుస్తకంలో చూశా, అర్థమైంది. కానీ ఏఓఎల్ గోల ఎందుకో చెప్పండి.

సరళరేఖ
ఆ ఏఓఎల్ అధ్యాయమే బంగారం! అందులో చాట్ గదికి 23 మంది, 24వ వాడు రాలేడు. ఎందుకు 23? ఏ చట్టసభా చెయ్యలేదు, ఎవరూ ఓటెయ్యలేదు. కానీ దాని ఫలితం చూడండి, కోటి మందికి పైగా ఉన్న ఊళ్లో ఎక్కడా 23 మందికి మించి ఒకచోట పోగవ్వలేరు. కంపెనీ మీద కోపం వచ్చినా ఊరేగింపు తీసే వీధి లేదు. వీధి కట్టలేదు, అంతే. నిషేధించినట్టు ఎక్కడా రాసి ఉండదు, అందుకే నిషేధం ఉన్నట్టే తెలియదు.

నాకు ఇంకా నచ్చింది రెండు యూనివర్సిటీల పోలిక. 90ల మధ్యలో షికాగోలో గోడకున్న సాకెట్‌కి తీగ తగిలిస్తే నెట్ వచ్చేసేది, నువ్వెవరని అడిగేవాళ్లు కాదు. అలా ఉండాలని నిర్ణయించింది కూడా వాక్ స్వాతంత్ర్యం మీద పనిచేసిన లా ప్రొఫెసరే, అప్పుడు ఆయన అక్కడ ప్రొవోస్ట్, అంటే చదువుల వ్యవహారాలు చూసే పెద్ద అధికారి. హార్వర్డ్‌లో యంత్రం రిజిస్టర్ చెయ్యందే లోపలికి రానివ్వరు, ఎవరు ఏం చేశారో తర్వాత పట్టుకోవచ్చు. అదే తీగ, అదే నెట్. ఒకచోట ముసుగు వేసుకుని తిరగొచ్చు, ఇంకోచోట మెడలో పలక వేలాడాలి.

గుడ్డిగుర్రం
హార్వర్డ్ పద్ధతే కరెక్టు. సర్వర్ పడగొట్టినవాణ్ణి పట్టుకోవద్దా?

సరళరేఖ
పట్టుకోండి. కానీ అది ఒక నిర్ణయం అని ఒప్పుకోండి. "సిస్టమ్ అలాగే ఉంటుంది" అని మాత్రం చెప్పకండి. ఆయన చెప్పేది అంతే.

బిట్‌బాబాయ్
ఇంత గోల అక్కర్లేదు. కోడే చట్టం అన్నది మా క్రిప్టో వాళ్ల ప్రాథమిక సూత్రం. జడ్జి లేడు, లంచం లేదు, పక్షపాతం లేదు. కాంట్రాక్టులో ఏం రాసి ఉంటే అదే అమలు. లెసిగ్ 1999లోనే బ్లాక్‌చెయిన్‌ని, అదే అందరి దగ్గరా కాపీ ఉండే మా లెక్కల గొలుసుని, ఊహించిన మహానుభావుడు.

నల్లకోటు
ఓరి దేవుడా.

పాతమోడెమ్
బాబాయ్, "జాగ్రత్త, కుక్క ఉంది" అని గేటుకి రాస్తే కుక్కల్ని పొగిడినట్టు చదివావు నువ్వు. ఆయన భయపడి చెప్పాడు. కోడ్ చట్టంలా పనిచేస్తోంది, కానీ చట్టానికుండే పద్ధతులేవీ దానికి లేవు, అడిగే దిక్కు లేదు, కాబట్టి కన్నేసి ఉంచండి అని. మీరు దాన్ని టీషర్టు మీద వేసుకున్నారు.

2016 సంగతి మర్చిపోయావా? ఈథీరియమ్ అనే గొలుసు మీద ది డావో అని ఉమ్మడి పెట్టుబడి నిధి పెట్టారు, 15 కోట్ల డాలర్ల దాకా పోగేశారు. జూన్‌లో ఎవడో కోడ్‌లో ఉన్న కన్నం పట్టుకుని 36 లక్షల ఈథర్, అంటే ఆ గొలుసు మీద నడిచే నాణేలు, లాగేసుకున్నాడు. మీ సూత్రం ప్రకారం అది దొంగతనమే కాదు, కోడ్ ఇమ్మంది, ఇచ్చింది. జులైలో ఏం చేశారు? అందరూ కూర్చుని మాట్లాడుకుని గొలుసునే చీల్చి డబ్బు వెనక్కి తెచ్చుకున్నారు. నీతి మీద నిలబడ్డవాళ్లు పాత గొలుసులోనే ఉండిపోయారు, దానికే ఈథీరియమ్ క్లాసిక్ అని పేరు.

బిట్‌బాబాయ్
అది ప్రత్యేక పరిస్థితి.

మూడోబెంచి
డబ్బు పోయింది మనదైతే ఏ పరిస్థితైనా ప్రత్యేకమే బాబాయ్.

రాగమాలిక
నా గోడు చెప్పుకుంటా, సంబంధం ఉందో లేదో మీరే చూడండి. పియానో నేర్చుకుంటున్నా. బాఖ్ ముక్క ఒకటి, ఆయన 1750లో పోయాడు, నా గదిలో నా వేళ్లతో వాయించి వీడియో పెట్టా. మధ్యలో రెండు తప్పులు కూడా ఉన్నాయి, అంటే ఎవరి దగ్గరా కాపీ కొట్టలేదనడానికి అదే సాక్ష్యం. పది నిమిషాల్లో నోటీసు, ఇది ఫలానా రికార్డింగ్ సంస్థ ఆస్తి అని. అభ్యంతరం చెప్పడానికి మీట ఉంది. నొక్కితే ఆ దరఖాస్తు వెళ్లేది ఆ సంస్థ దగ్గరికే! నెల తర్వాత "పరిశీలించాం, మా హక్కు మాదే" అని జవాబు. కంచె చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? చట్టం ప్రకారం తప్పు లేదని నాకు తెలుసు, నాలాంటి వాళ్లందరికీ తెలుసు. ఏం లాభం.

నల్లకోటు
సంబంధం లేకపోవడమేంటి మేడమ్, లెసిగ్ సగం జీవితం మీ పియానో మీదే ఖర్చు పెట్టాడు. కాపీరైట్ చట్టంలో కావాలనే సందులు వదిలారు. కొంత కాలానికి హక్కు తీరిపోతుంది, తీరకముందు కూడా విమర్శకో చదువుకో కొంత వాడుకోవచ్చు. యంత్రానికి సందు తెలియదు, ధ్వని కలిసిందా లేదా అంతే. పైగా అమెరికాలో 1998లో డీఎంసీఏ అనే చట్టం తెచ్చారు, డిజిటల్ తాళం పగలగొట్టడమే నేరం అన్నారు. లోపలున్నది వాడుకునే హక్కు మీకున్నా సరే. అంటే కోడ్ గోడ కడితే చట్టం వెళ్లి ఆ గోడకి కాపలా నిలబడింది. ఆ చట్టం పట్టుకుని ఒక ప్రింటర్ల కంపెనీ, మా కార్ట్రిడ్జిలోని చిప్‌ని అనుకరించారని వేరే కంపెనీ మీద కేసు వేసింది. 2004లో అప్పీల్ కోర్టు కుదరదంది. పాటల తాళం చట్టం సిరా దాకా పోయిందన్నమాట.

గుడ్డిగుర్రం
అంత మేధావి అమెరికా సుప్రీంకోర్టులో ఓడిపోయాడుగా. అది కూడా చెప్పండి మరి.

నల్లకోటు
చెబుతా, దాచేదేముంది. ఎల్డ్రెడ్ కేసు. 1998లోనే అమెరికా కాపీరైట్ గడువు ఇంకో 20 ఏళ్లు పెంచింది, రచయిత పోయాక 50 ఏళ్లున్నది 70 అయింది, కంపెనీల పేరున్నవి 75 నుంచి 95కి. ఎరిక్ ఎల్డ్రెడ్ అనే ఆయన గడువు తీరిన పుస్తకాలు నెట్‌లో ఉచితంగా పెట్టేవాడు, ఆయన తరఫున లెసిగ్ స్వయంగా వాదించాడు. 2003 జనవరిలో 7-2 తో ఓటమి. తర్వాత ఆ తప్పు నాదే అని తనే పెద్ద వ్యాసం రాసుకున్నాడు. రాజ్యాంగం సూత్రం ఒక్కటి చెబితే జడ్జిలు తలూపుతారనుకున్నాడట, దీనివల్ల మనుషులకి ఏం నష్టమో గుండెకి తగిలేలా చెప్పాల్సింది అన్నాడు. ఫలితం మాత్రం, 1923 నాటి రచనలు 2019 దాకా బయటికి రాలేదు.

సరళరేఖ
తీర్పు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2001లోనే మరికొందరితో కలిసి క్రియేటివ్ కామన్స్ మొదలుపెట్టాడు, 2002 డిసెంబర్లో లైసెన్సులు వచ్చాయి. చట్టం మారకపోతే పోనీ, తన హక్కులో కొంత వదులుకునే వీలు రచయితకే ఇద్దాం అని. 2009 నుంచి వికీపీడియా నడుస్తోంది ఆ లైసెన్సు మీదే. కోర్టులో గెలిచుంటే బహుశా ఇంత వ్యాపించేది కాదేమో.

కానీ నాకు ఆయనతో పేచీ ఉంది. నాలుగు బాణాలూ విడివిడిగా గీస్తాడు. నిజంలో కోడ్ రాసేవాడికి జీతం ఇచ్చేది మార్కెట్టే. అసలు పోట్లాట రెండు బాణాల మధ్య కాదు, ఒకే కంపెనీ రెండు బాణాలూ పట్టుకుంటే ఏమవుతుందని. ఆయన ఆ సంగతి చెప్పకపోలేదు కానీ నాకు సరిపోలేదు. పైన చెప్పిన డేవిడ్ పోస్ట్ అయితే ఇంకో వైపు నుంచి కొట్టాడు, లెసిగ్‌నే లారీ అని పిలుస్తూ "లారీకి అర్థం కానిది" అన్న అర్థం వచ్చే శీర్షికతో వ్యాసమే రాశాడు. కోడ్ అంటే రాజకీయమే అన్నావు సరే, దాన్ని ప్రభుత్వం చేతిలో పెట్టాలని ఎవరన్నారు అని. టిమ్ వూ అనే ఇంకో లా ప్రొఫెసర్ 2003లో ఇంకోటి పట్టుకున్నాడు, జనం చట్టాన్ని తప్పించుకోవడానికి కూడా కోడే వాడతారు కదా, పాటల ఫైళ్లు పంచుకున్న ప్రోగ్రాములు చేసింది అదేగా అని. నెట్ న్యూట్రాలిటీ, అంటే నెట్ కంపెనీలు అన్ని సైట్లనీ ఒకేలా చూడాలి, అన్న మాట జనంలోకి తెచ్చింది కూడా వూనే, అదే ఏడాది.

కోడ్‌కూలీ
ఒక నిమిషం ఆగండి. రాగమాలిక గారి పోస్టు చదివాక నాకు ఒకటి గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది. నాలుగేళ్ల క్రితం ఒక రిజిస్ట్రేషన్ ఫారం రాశా. పేరుకి రెండు గడులు, రెండూ తప్పనిసరి, ఒక్కోదాంట్లో కనీసం రెండక్షరాలు. ఎవరూ అలా రాయమని చెప్పలేదు. పాత ఫారంలోంచి ఎత్తుకొచ్చా, ఎర్ర నక్షత్రం గుర్తు పెట్టా, అయిపోయింది. ఇవాళ పని కట్టుకుని సపోర్టు ఫిర్యాదులు తీసి చూశా. ఒకే పేరున్నవాళ్లు, ఇంటిపేరు అంటూ లేనివాళ్లు, ఒక్క పొడి అక్షరం వాడేవాళ్లు. ఒకావిడ తన పేరే రెండుసార్లు కొట్టింది, తర్వాత ఆమె గుర్తింపు కార్డుతో పేరు కలవలేదని వేరే విభాగం ఖాతా ఆపేసింది. ఆవిడ ఏడు మెయిళ్లు రాసింది. ఏడింటికీ "దయచేసి మీ చివరి పేరు నమోదు చేయండి" అని ఆటోమేటిక్ జవాబు. ఆ జవాబు వాక్యం కూడా నేను రాసిందే.

రాగమాలిక
ఏడు మెయిళ్లు.

మూడోబెంచి
నువ్వు చట్టసభవి రా కోడ్‌కూలీ. ప్రతిపక్షం లేని చట్టసభ.

పాతమోడెమ్
ఇదే ఆ పుస్తకం మొదట్లో ఉన్న పువ్వుల కథ. ఆటలాంటి లోకంలో మార్తా అనే ఆవిడ విషపు పూలు పెంచుతుంది, గాలికి ఒక రేకు పక్కింట్లో పడి డ్యాంక్ అనే వాడి కుక్క చచ్చిపోతుంది. ఇద్దరూ పోట్లాడుకుంటారు. మన లోకంలో అయితే కంచె వెయ్యి, పరిహారం కట్టు అంటాం. అక్కడ ఇంకో దారుంది, పువ్వునే మార్చేయొచ్చు. విషం ఎందుకుండాలి అసలు? ఎవరో అలా రాశారు కాబట్టి ఉంది. నీ ఎర్ర నక్షత్రంలాగా.

గుడ్డిగుర్రం
సరే ఈ ఫారం సంగతి బాగానే ఉంది, కానీ దానికి పాత చట్టం చాలదా? వివక్ష అని కేసు వెయ్యొచ్చుగా.

నల్లకోటు
ఎవరి మీద వేస్తారు? ఎర్ర నక్షత్రం మీదా? ఆవిడకి నష్టం చేద్దామని ఎవరూ అనుకోలేదు, ఎక్కడా ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. పాత చట్టం మనిషి కోసం వెతుకుతుంది. ఇక్కడ మనిషి దొరకడు, గడి దొరుకుతుంది.

అయినా మీకోసమే ఒకటి చెబుతా. పిల్లలు బూతు చూడకుండా ఎలా ఆపాలన్నది లెసిగ్ పాత ప్రశ్న. బయటి లోకంలో పిల్లాడు కర్రకాళ్ల మీద నడిచి మీసం పెట్టుకున్నా కొట్టువాడు పట్టేస్తాడు, నెట్‌లో వయసు కనబడదు. 1997లో సుప్రీంకోర్టు అప్పటి చట్టాన్ని కొట్టేసింది. లెసిగ్ ఏమన్నాడంటే, పెద్దవాళ్లందరినీ కార్డు చూపించమనకండి, పేజీలో ఒక గుర్తు పెట్టమనండి, పిల్లల బ్రౌజర్ ఆ గుర్తు చూసి ఆపుకుంటుంది, పెద్దవాడు ఎవరో ఎవరికీ తెలియక్కర్లేదు. 2025 జూన్‌లో అదే కోర్టులో టెక్సస్ వయసు తనిఖీ చట్టం 6-3 తో నిలబడింది. అంటే కార్డు దారే గెలిచింది. రెండు కట్టుబడులూ పిల్లాణ్ణి ఆపుతాయి. ఒకటి పెద్దవాళ్ల జాబితా కూడా తయారుచేసే వీలిస్తుంది. ఈ తేడా మీ గుర్రాల చట్టంలో ఏ అధ్యాయంలో ఉంది?

గుడ్డిగుర్రం
ఈ పాయింటు ఒప్పుకుంటున్నా. ఇదొక్కటే.

బిట్‌బాబాయ్
వయసుని బ్లాక్‌చెయిన్ మీద పెడితే

మూడోబెంచి
అడ్మిన్ గారూ, పోస్టుకి అక్షరాల పరిమితి ఇంకాస్త తగ్గించండి.

సరళరేఖ
కోడ్‌కూలీ, చదివితే 2006లో వచ్చిన రెండో వెర్షన్ చదువు. మొదటిదాన్ని వికీలో పెట్టి పాఠకుల చేత సవరింపజేసి, ఆ పైన తను తిరగరాశాడు. ఉచితంగానే దొరుకుతుంది, వేరే లైసెన్సు పెట్టి ఉంటే పరువు పోయేది. ఏఓఎల్ దగ్గర విసుగొస్తే దాటెయ్, యూనివర్సిటీల పోలిక మాత్రం వదలకు.

కోడ్‌కూలీ
అప్‌డేట్. చెల్లెలికి చుక్క, నాలుగు బాణాలు గీసిచ్చి ఫారం కథ చెప్పా. "పరీక్షలో ఇదే రాస్తా, నీ పేరు మాత్రం రాయనులే" అంది.

ఆఫీసులో రెండో గడి తప్పనిసరి తీసెయ్యమని నిన్న టికెట్ వేశా. మార్చాల్సింది ఒక్క లైను. డేటాబేస్‌లో ఆ గడి ఖాళీగా ఉండకూడదట, దాన్ని నమ్ముకుని ఇంకో మూడు సిస్టమ్‌లు నడుస్తున్నాయట, అవి రాసినవాళ్లు ఇప్పుడు కంపెనీలో లేరట. "తక్కువ ప్రాధాన్యం" అని పెట్టి వచ్చే త్రైమాసికానికి తోశారు. ఆవిడ ఖాతా మాత్రం చేత్తో తెరిపించా. రెండో పేరు గడిలో చుక్క పెడదామని చూశా, కనీసం రెండక్షరాలు కావాలంది. రెండు చుక్కలు పెట్టా.

మూడోబెంచి
ఆవిడకి ఇప్పుడు ఉత్తరాలు "ప్రియమైన చుక్కచుక్క గారికి" అని వెళ్తాయి, అది చూసుకో ముందు.

కోడ్‌కూలీ
అమ్మో. ఆ టెంప్లేటూ నాదే.